అల్యూమినా ట్యూబు మీద బొగ్గు పొర: మొదటిసారి చేసేవాళ్ళకు

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు ముందు ఫర్నేస్ గురించే అడుగుతారు. ఎన్ని డిగ్రీలు పెట్టాలి, నిమిషానికి ఎంత పెంచాలి, ఎంతసేపు ఉంచాలి అని. నేను వాళ్ళ చేతిలో ఒక తెల్లటి అల్యూమినా ట్యూబు, చిన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా పెట్టి, వారం రోజులు దీంతోనే పని చేయమంటాను. వాళ్ళకు కోపం వస్తుంది. కానీ తొమ్మిదేళ్ళలో నా చేతుల్లో పాడైన ట్యూబుల్లో ఎక్కువ భాగం ఫర్నేస్‌లోకి వెళ్ళకముందే పాడయ్యాయి. ఆ సంగతి ఫర్నేస్‌లోంచి బయటికి వచ్చాక తెలిసిందంతే.

చేసే పని చెప్పుకోవడానికి తేలిక. సన్న రంధ్రాలున్న పింగాణీ లాంటి ట్యూబు మీద రెజిన్ (జిగురు లాంటి పాలిమర్) పొర పూసి, గాలి తగలకుండా 600, 700 డిగ్రీల దాకా వేడి చేస్తాం. రెజిన్ బొగ్గవుతుంది. ఆ బొగ్గులో మిగిలే సందులు కొన్ని ఆంగ్‌స్ట్రామ్‌లే ఉంటాయి (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు). హైడ్రోజన్ అణువు 2.89 ఆంగ్‌స్ట్రామ్‌లు, కార్బన్ డయాక్సైడ్ 3.3, నైట్రోజన్ 3.64, మీథేన్ 3.8. జల్లెడలో రవ్వ, పిండి విడిపోయినట్టు ఇక్కడ వాయువులు విడిపోతాయి. విడిగా బొగ్గు రేకు చేస్తే అప్పడంలా విరుగుతుంది, అందుకే కింద ట్యూబు ఆధారం. బలం ట్యూబుది, వేరుచేసే పని బొగ్గుది.

ఎందుకింత కష్టం అంటే, అమ్మోనియా ఫ్యాక్టరీల్లో బయటికి వదిలే పర్జ్ గ్యాస్ నుంచి హైడ్రోజన్‌ను వెనక్కి రాబట్టడానికి 1980 ప్రాంతం నుంచే మోన్‌శాంటో వాళ్ళ ప్రిజమ్ లాంటి పాలిమర్ మెంబ్రేన్లు (వాయువులను వేరుచేసే పొరలు) ఉన్నాయి. అవి మంచివే. కానీ వేడి 200 డిగ్రీలు దాటితే పాలిమర్ చేతులెత్తేస్తుంది. బొగ్గు ఎత్తేయదు. పైగా పాలిమర్లో ఎక్కువ గ్యాస్ వెళ్ళనిస్తే శుద్ధి తగ్గుతుంది, శుద్ధి పెంచితే గ్యాస్ తగ్గుతుంది. పాలిమర్ పరిశోధకుడు రోబ్సన్ 1991లో గీసిన హద్దు గీత ఇదే. బొగ్గు ఆ గీతకు పైన కూర్చోగలదు. 1983లో కోరెష్, సోఫర్ అనే శాస్త్రవేత్తలు సెల్యులోజ్ గొట్టాలను కాల్చి పగుళ్ళు లేని బొగ్గు మెంబ్రేన్ చేసి చూపించిన దగ్గర్నుంచి ఆశంతా దీని మీదే.

ఇక్కడ నేను చెప్పేది నొవొలాక్ అనే ఫినాల్ రెజిన్‌తో, అల్యూమినా ట్యూబు మీద, హైడ్రోజన్ నుంచి నైట్రోజన్‌ను వేరు చేసే పొర గురించి. దాని బదులు పాలిఇమైడ్ అనే పాలిమర్ వాడితే ఫలితాలు ఇంకా బాగుంటాయని పేపర్లు చదివినవాళ్ళు అంటారు. నిజమే కావచ్చు, కానీ నొవొలాక్ చవక, సులువుగా దొరుకుతుంది, కాలిస్తే సగానికి పైగా బొగ్గుగా మిగులుతుంది. నేర్చుకునేటప్పుడు పది ట్యూబులు పాడుచేస్తారు కదా, చవకదాని మీద పాడుచేయండి.

ముందు ఒక లెక్క చేద్దాం. ఇది బుర్రకెక్కకపోతే మిగతా జాగ్రత్తలన్నీ చాదస్తంలా అనిపిస్తాయి.

మీ ట్యూబు బయటి వ్యాసం 10 మిల్లీమీటర్లు, పూసిన పొడవు 10 సెంటీమీటర్లు అనుకోండి. వైశాల్యం 31 చదరపు సెంటీమీటర్లకు కొంచెం పైన. పొర గుండా గ్యాస్ ఎంత సులువుగా పోతుందో జీపీయూ అనే యూనిట్లలో కొలుస్తాం. పొర బాగా వచ్చి హైడ్రోజన్ 300 జీపీయూ, నైట్రోజన్ 3 జీపీయూ పోతోందంటే సెలెక్టివిటీ, అంటే ఆ రెండిటి నిష్పత్తి, 100. లోపలికీ బయటికీ 2 బార్ తేడా పెడితే హైడ్రోజన్ నిమిషానికి సుమారు 85 మిల్లీలీటర్లు, నైట్రోజన్ 0.85 మిల్లీలీటర్లు వస్తాయి. ఇప్పుడు ఎక్కడో సన్నటి బెజ్జాలు ఉన్నాయి, వాటిలోంచి నైట్రోజన్ ఇంకో 3 జీపీయూ కారింది. అదే బెజ్జాల్లోంచి హైడ్రోజన్ సుమారు 11 జీపీయూ కారుతుంది. మొత్తం 311, 6. సెలెక్టివిటీ 52కి పడిపోయింది. అంటే హైడ్రోజన్ ప్రవాహంలో ఒక శాతానికి సమానమైన నైట్రోజన్ కారితే చాలు, నెల రోజుల పని సగమైపోతుంది. కంటికి కనపడదు, చేతికి తగలదు. బబుల్ ఫ్లోమీటర్లో మాత్రం ఒక మిల్లీలీటరు గీత దాటడానికి 70 సెకన్లు పట్టాల్సిన బుడగ 35 సెకన్లకే దాటుతుంది.

ఇక ట్యూబు. పైపొర రంధ్రాలు 100 నుంచి 200 నానోమీటర్లు ఉన్న ఆల్ఫా అల్యూమినా తీసుకోండి. రెండు చివరలూ గ్లేజ్ చేసి (గాజు పూత పూసి) ఉండాలి, లేకపోతే సీల్ దగ్గర గ్యాస్ పక్కదారి పడుతుంది. గ్లేజ్ మెత్తబడే ఉష్ణోగ్రత మీరు కాల్చబోయే ఉష్ణోగ్రత కంటే బాగా ఎక్కువని అమ్మినవాళ్ళతో రాయించుకోండి. ఒకసారి ఒక సరఫరాదారు పంపిన పెట్టెలో ఆరు ట్యూబుల గ్లేజ్ 650 డిగ్రీలకే కరిగి, ట్యూబులు పెట్టే క్వార్ట్జ్ పడవకు అతుక్కుపోయింది. విడదీయబోతే పడవ కూడా పోయింది.

మా అమ్మమ్మ తెనాలి సంతలో కుండ కొనేటప్పుడు చూపుడువేలు మడిచి తట్టి చూసేది. ఖంగుమంటే తీసుకునేది, బొదబొదమంటే పక్కన పెట్టేది. అల్యూమినా ట్యూబుకీ అదే మొదటి పరీక్ష, గోటితో తట్టండి. రెండో పరీక్ష ఆల్కహాల్. ట్యూబును ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో పూర్తిగా నానబెట్టి, ఒక చివర మూసి, రెండో చివర నుంచి నైట్రోజన్ మెల్లగా పెంచండి. 0.5 బార్ దగ్గర ఆపి రెండు నిమిషాలు చూడండి. ఆ ప్రెషర్‌కు బుడగ వచ్చిందంటే అక్కడ సుమారు 1.7 మైక్రాన్లు లేదా అంతకంటే పెద్ద రంధ్రం ఉంది. మనం పూయబోయే మూడు మైక్రాన్ల పొర దాని మీద వంతెనలా నిలబడదు. 0.2 మైక్రాన్ల మంచి ట్యూబు అయితే 4 బార్ దాటేదాకా బుడగ రాదు. బుడగ వచ్చిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. బాల్‌పెన్ వద్దు, సిరా లోపలికి ఇంకిపోతుంది. గుర్తు గ్లేజ్ పక్కనే ఉంటే గ్లేజ్ సరిగ్గా అతకలేదని అర్థం, మధ్యలో ఉంటే ట్యూబే పనికిరాదు. నేను పది ట్యూబులు తెప్పిస్తే రెండు మూడు ఇక్కడే పక్కన పడతాయి. బడ్జెట్లో ఆ లెక్క ముందే వేసుకోండి.

నిలిచిన ట్యూబును కడిగి, 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, డెసికేటర్లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) చల్లార్చి, నాలుగు దశాంశాల బ్యాలెన్స్ మీద బరువు చూసి రాసుకోండి. అల్యూమినా గాలిలో తేమ పీల్చుకుంటుంది. డెసికేటర్లోంచి తీసి ఫోన్ మాట్లాడి వచ్చి తూకం వేస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు. ఈ బరువు ఎందుకో కింద చెబుతాను.

రెజిన్ ద్రావణం. నొవొలాక్ 20 శాతం, ఎన్‌ఎంపీ అనే ద్రావకంలో. రెజిన్ బరువులో 8 నుంచి 10 శాతం హెక్సమిన్ కలపండి, రెజిన్‌ను గట్టిగా అల్లేది అదే. కలిపినది ఆ రోజే వాడాలి. రెండు రోజులు ఉంచితే చిక్కబడుతుంది. పాకం తీగ దాటి ఉండపాకమైనట్టే, మళ్ళీ వెనక్కి రాదు. ఎన్‌ఎంపీ ప్రత్యుత్పత్తికి హాని చేసే రసాయనం. మామూలు నైట్రైల్ గ్లోవ్స్ దాన్ని ఎక్కువసేపు ఆపవు, బ్యూటైల్ గ్లోవ్స్ వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయండి. గర్భంతో ఉన్నవాళ్ళు ఈ మెట్టు వేరేవాళ్ళకు అప్పగించాలి, మొహమాటం వద్దు.

తర్వాత వడపోత. గదిలో తేలే దుమ్ము రేణువు ఐదు పది మైక్రాన్లు ఉంటుంది, మన పొర మూడు మైక్రాన్లు. ఒక్క రేణువు పొరలో పడితే కాలాక అక్కడ గొయ్యి మిగులుతుంది. అందుకే సిరంజి ఫిల్టర్ తప్పనిసరి, అదీ పీటీఎఫ్‌ఈదే, అంటే టెఫ్లాన్‌దే. నేను తొలి ఏడాది డ్రాయర్లో చేతికి దొరికిన పీవీడీఎఫ్ అనే వేరే ప్లాస్టిక్ ఫిల్టర్ పెట్టాను. ద్రావణం అద్భుతంగా, అడ్డు లేకుండా దిగింది. దిగదూ మరి, ఎన్‌ఎంపీలో పీవీడీఎఫ్ కరిగిపోతుంది! ఫిల్టర్‌ను కూడా కలిపి పూశానని మూడు ట్యూబుల తర్వాత గానీ తెలియలేదు. సెల్యులోజ్ అసిటేట్ ఫిల్టరూ అంతే.

వడగట్టాక బుడగలు పోవడానికి గంటసేపు కదపకుండా ఉంచండి. ట్యూబు రెండు చివరలూ టెఫ్లాన్ బిరడాలతో మూయండి, ద్రావణం లోపలి వైపుకు వెళ్ళకూడదు. నిలువుగా ముంచి, ఇరవై సెకన్లు ఉంచి, సెకనుకు 5 మిల్లీమీటర్ల చొప్పున పైకి లాగండి. వేగం పెంచితే పొర మందమవుతుంది, తగ్గిస్తే పలచబడుతుంది. అట్టు పోసేటప్పుడు చెయ్యి ఆగితే అక్కడ దిమ్మ కట్టినట్టే, లాగేటప్పుడు మోటారు ఒక్క క్షణం తడబడినా అక్కడ అడ్డంగా గీత పడుతుంది. చేత్తో లాగకండి. మా దగ్గర మొదట్లో మోటారు లేక పాత సిరంజి పంపును పక్కకు తిప్పి వాడుకున్నాం, అది చేతికంటే వెయ్యి రెట్లు నయం.

కింది చివర ఎప్పుడూ ఒక బొట్టు వేలాడుతుంది. దాన్ని గాజు కడ్డీ అంచుతో తాకించి తీసేయండి. వెంటనే ట్యూబును అడ్డంగా పెట్టి, తిరుగుతూ ఉండేలా 90 డిగ్రీల ఓవెన్లో రాత్రంతా ఆరనివ్వండి. తిప్పకపోతే రెజిన్ ఒక పక్కకు జారి, ఒక వైపు రెండు మైక్రాన్లు, ఇంకో వైపు ఎనిమిది అవుతుంది. మందం వైపు కాల్చేటప్పుడు పగులుతుంది. ఆగస్టులో, బయట వాన పడుతున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి. ఎన్‌ఎంపీ గాలిలోని నీటిని లాక్కుంటుంది, నొవొలాక్ నీటిలో కరగదు, పొర పాల మీగడలా తెల్లబడుతుంది. గోధుమరంగులో, గాజులా మెరుస్తూ ఉండాలి. తెల్లబడితే ఆశ వదులుకుని ఎన్‌ఎంపీతో కడిగేయండి. ఆరిన పొరను 150 డిగ్రీలకు తీసుకెళ్ళి రెండు గంటలు ఉంచితే గట్టిపడుతుంది. ఆ వేడికి హెక్సమిన్ విడిపోయి అమ్మోనియా వాసన వస్తుంది, ఓవెన్ గొట్టాన్ని బయటికి పెట్టండి.

ఇప్పుడు మళ్ళీ తూకం. మూడు మైక్రాన్ల బొగ్గు పొర ఈ ట్యూబు మీద సుమారు 14 మిల్లీగ్రాములు. కాలకముందు రెజిన్ దానికి రెట్టింపు, అంటే 25 నుంచి 30 మిల్లీగ్రాములు పెరిగి ఉండాలి. పదిహేను గ్రాముల ట్యూబు మీద ఇంత చిన్న తేడా కాబట్టే ఆ డెసికేటర్ గొడవ. 120 మిల్లీగ్రాములు పెరిగిందా, రెజిన్ పొరగా నిలవకుండా ట్యూబు లోపలికి ఇంకిపోయింది. ద్రావణం పలచనైంది, లేదా ఎక్కువసేపు ముంచారు. పైకి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. బ్యాలెన్స్ ఒక్కటే నిజం చెబుతుంది.

ఫర్నేస్ సంగతి ఇక త్వరగా చెప్పేయొచ్చు. ట్యూబును పెట్టి, వాక్యూమ్ లాగి నైట్రోజన్ నింపడం మూడుసార్లు చేయండి. నైట్రోజన్ నిమిషానికి 200 మిల్లీలీటర్లు. 350 డిగ్రీల దాకా నిమిషానికి ఒక డిగ్రీ, 350 నుంచి 550 దాకా అర డిగ్రీ, తర్వాత 700 దాకా మళ్ళీ ఒక డిగ్రీ, అక్కడ ఒక గంట. మధ్యలో నెమ్మది ఎందుకంటే రెజిన్‌లోంచి నీరు, ఫినాల్, మీథేన్ ఎక్కువగా బయటపడేది అప్పుడే. తొందరపెడితే అవి పొరను చీల్చుకుని వస్తాయి. మొత్తం పదిహేనున్నర గంటలు. సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే పొద్దున్న ఎనిమిదిన్నరకు చల్లారడం మొదలవుతుంది. ఉష్ణోగ్రత ఇంకా పెంచితే సందులు బిగుసుకుని సెలెక్టివిటీ పెరుగుతుంది, గ్యాస్ తగ్గుతుంది. 800 దాటాక హైడ్రోజన్ కూడా ముక్కుతూ మూలుగుతూ వెళ్తుంది. కావాల్సిన వాయువుల జంటను బట్టి ఇది మీరే తేల్చుకోవాలి.

నైట్రోజన్ శుద్ధి మీద పిసినారితనం వద్దు. నైట్రోజన్‌లో 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) ఆక్సిజన్ ఉందనుకోండి. 400 డిగ్రీల పైన గడిచే సుమారు పది గంటల్లో 120 లీటర్లు పోతాయి, అందులో 1.2 మిల్లీలీటర్ల ఆక్సిజన్. అదంతా పొరనే కాలిస్తే 0.6 మిల్లీగ్రాముల బొగ్గు పోతుంది. 14లో 0.6! సిలిండర్ తర్వాత ఆక్సిజన్ ట్రాప్ ఒకటి పెట్టండి.

ఇంకొకటి, ఇది నా సొంత ఏడుపు. ఫర్నేస్ నుంచి బయటికి వచ్చే గ్యాస్ నూనె బబ్లర్ (నూనెలోంచి బుడగలుగా గ్యాస్‌ను వదిలే సీసా) గుండా పోతుంది. ఒక రాత్రి కరెంటు పోయింది, నైట్రోజన్ ఆపే వాల్వ్ కరెంటుతో పనిచేసేది, అది మూసుకుంది. ఫర్నేస్ చల్లబడుతూ లోపల గ్యాస్ కుంచించుకుని బబ్లర్లోని నూనెను మొత్తం లోపలికి పీల్చుకుంది. పొద్దున్న తలుపు తీస్తే వేడి క్వార్ట్జ్ గొట్టమంతా నల్లటి జిడ్డు, నాలుగు ట్యూబులు దానిలో వేగిపోయి ఉన్నాయి. ఆ రోజు భోజనం చేయలేదు. ఫర్నేస్‌కూ బబ్లర్‌కూ మధ్య ఒక ఖాళీ సీసా పెట్టండి, నూనె వెనక్కి వస్తే అందులో ఆగుతుంది. నైట్రోజన్‌కు చేతితో తిప్పే వాల్వ్ ఉంచండి. లోపలి ఉష్ణోగ్రత 60 డిగ్రీల లోపుకు వచ్చేదాకా తలుపు తీయకండి, అది మధ్యాహ్నం భోజనానికి అడ్డొచ్చినా సరే.

బయటికి వచ్చిన ట్యూబు నల్లగా, అద్దంలా ఉంటే సంతోషించండి, కానీ ఎవరికీ చెప్పకండి. ముందు కొలవాలి. ట్యూబును పట్టి ఉంచే మాడ్యూల్లో వైటాన్ రబ్బరు ఓ-రింగులతో బిగించి, నైట్రోజన్ పంపుతూ 150 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టండి, సందుల్లో చేరిన తేమ పోతుంది. అంతకంటే బాగా వేడి మీద కొలవాలంటే ఓ-రింగులు కాదు, గ్రాఫైట్ ఫెరూల్స్ (బిగింపు వలయాలు) కావాలి. ముందు హీలియం, తర్వాత హైడ్రోజన్, నైట్రోజన్, మీథేన్. కార్బన్ డయాక్సైడ్ చివర, అది బొగ్గుకు అంటుకుని తర్వాతి కొలతను పాడుచేస్తుంది.

హైడ్రోజన్, నైట్రోజన్ నిష్పత్తి 3.7 దగ్గర వచ్చిందంటే మీకు జల్లెడ లేదు, బెజ్జాలే ఉన్నాయి. అది నుడ్సెన్ ప్రవాహం, అణువుల బరువుల వర్గమూలం లెక్క, పొర గొప్ప ఏమీ లేదు. ప్రెషర్ పెంచేకొద్దీ పర్మియన్స్ (ఆ జీపీయూ అంకె) పెరుగుతుంటే ఇంకా పెద్ద పగులు. నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష వేడి. 30 డిగ్రీల నుంచి 100కు తీసుకెళ్ళండి. నైట్రోజన్ పెరిగితే అది సన్నటి సందుల్లోంచే దూరి వస్తోంది, మంచిది. తగ్గితే బెజ్జంలోంచి వస్తోంది.

బెజ్జాలు కొద్దిగానే ఉంటే ట్యూబును పారేయకండి. 10 శాతం పలచటి ద్రావణంతో ఇంకోసారి ముంచి, ఇంకోసారి కాల్చండి. రెండో పొర బెజ్జం సరిగ్గా మొదటి పొర బెజ్జం మీదే పడటం అరుదు. హైడ్రోజన్ కొంత తగ్గుతుంది, భరించాలి. ప్రిజమ్ వెనకున్న హెనిస్, ట్రిపోడి పాలిసల్ఫోన్ అనే పాలిమర్ మీద సిలికోన్ పూసి బెజ్జాలు మూసిన ఉపాయం ఇక్కడా పనిచేస్తుంది కానీ, వేడి తట్టుకోవడానికే బొగ్గు చేసుకుని దాని మీద మళ్ళీ సిలికోన్ పూయడం నాకు నచ్చదు.

మంచి అంకె వచ్చిన రోజే దాన్ని ఎవరికీ పంపకండి. తాజా బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను, తేమను పట్టుకుంటుంది, సందుల మూతులు మూసుకుపోతాయి. మొదటి వారాల్లోనే ప్రవాహం పడిపోతుంది. తేమ వేడికి పోతుంది, ఆక్సిజన్ అంత తేలిగ్గా పోదు. నైట్రోజన్ నింపిన మూత గొట్టంలో దాచండి, 15వ రోజు, 30వ రోజు మళ్ళీ కొలవండి. పరిశ్రమలవాళ్ళకు చూపించేది 30వ రోజు అంకె. వాళ్ళు తర్వాత అడిగేది మిశ్రమ గ్యాస్, నీటి ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే ఏమవుతుందని. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని మీడియా అండ్ ప్రాసెస్ టెక్నాలజీ సంస్థ తమ బొగ్గు పొర ట్యూబుల కట్టలను అలబామాలోని విల్సన్‌విల్‌లో, బొగ్గు గ్యాసిఫైయర్ నుంచి వచ్చే అసలు సిన్‌గ్యాస్ (హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ ఉండే మిశ్రమం) మీద పెట్టి చూసింది. అలాంటి పరీక్ష దాటాలి. ఇంకో లెక్క కూడా చేసుకోండి. ప్లాంటులో 100 చదరపు మీటర్లు కావాలంటే మన 10 సెంటీమీటర్ల ట్యూబులు 31,800 కావాలి. కాబట్టి పొడవాటివి, లేదా ఒక్క ట్యూబులో చాలా కాలువలున్నవి చేయాల్సిందే. అప్పుడు ఖర్చంతా అల్యూమినాదే, బొగ్గుది కాదు.

అన్నీ కొలిచాక ఆఖరి పని, ట్యూబును పగలగొట్టడం. మొదట్లో చేతులు రావు. డైమండ్ ఫైల్‌తో చుట్టూ గాటు పెట్టి విరిచి, విరిగిన అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టండి. అల్యూమినా గింజల మీద నల్లటి పట్టీలా పొర కనపడాలి, గింజల మధ్యకు ఎక్కువగా దిగకూడదు. బరువు లెక్క 3 మైక్రాన్లు చెబితే అక్కడ కూడా దానికి దగ్గరగా ఉండాలి. తేడా ఎక్కువగా ఉంటే మళ్ళీ ఆల్కహాల్ సీసా దగ్గరికి రండి.